గేటు ముందు కారు ఆగినా కెమెరా పలకడం లేదా? వెహికల్ డిటెక్షన్ సరిచేయడం ఎలా

డబ్బా మీద ‘వెహికల్ డిటెక్షన్’ అని చూసి కెమెరా కొంటారు. బిగించాక వచ్చే ఫిర్యాదులు రెండే రకాలు. ఒకటి, కారు వచ్చి గేటు ముందు హారన్ కొట్టినా ఫోన్‌కి ఏమీ రాదు. రెండోది, వీధిలో పోయే ప్రతి బండికీ, కుక్కకీ, ఊగే కొబ్బరి మట్టకీ రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది, విసుగొచ్చి నోటిఫికేషన్లే ఆపేస్తారు. నేను చూసినంతలో కెమెరా పాడైన కేసులు చాలా తక్కువ. బిగించినవాళ్లు తెర మొత్తానికీ మోషన్ డిటెక్షన్ పెట్టేసి, సెన్సిటివిటీ చివరిదాకా లాగి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు, గొడవంతా అక్కడే.

ముందు మీ కెమెరా బండిని గుర్తుపట్టే రకమేనా చూసుకోండి. మామూలు మోషన్ డిటెక్షన్ అంటే తెర మీద పిక్సెళ్లు మారితే అలారం, దానికి బండీ తెలియదు, బర్రే తెలియదు. సెట్టింగుల్లో ‘హ్యూమన్’, ‘వెహికల్’ అని విడివిడిగా టిక్ పెట్టే చోటు ఉంటేనే ఆ పని చేసే కెమెరా ఉన్నట్టు. బ్యాటరీ కెమెరాలు చాలావరకు పీఐఆర్ సెన్సర్‌తో నిద్ర లేస్తాయి. అది వేడిలో తేడాని పసిగడుతుంది, అదీ దగ్గరలో ఉంటేనే. పైగా అడ్డంగా దాటేదాన్ని పట్టినంత బాగా ఎదురుగా వచ్చేదాన్ని పట్టదు. అది లేచేలోపు బండి వెళ్లిపోతుంది. బండ్ల కోసం బ్యాటరీ కెమెరా కొనకండి, అంతే. వైరు లాగడానికి బద్ధకమైతే కింద రాసింది మీకు పనికిరాదు.

సులువైనవి గబగబా కానిచ్చేయండి. అద్దం మెత్తటి గుడ్డతో తుడవండి, చుట్టూ సాలెగూడు ఉంటే తీసేయండి. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. వీడియో సెట్టింగుల్లో స్మార్ట్ కోడెక్ (వీడియో సైజు తగ్గించే పద్ధతి) లాంటిది ఆన్‌లో ఉంటే ఆపేయండి, కొన్ని మోడళ్లలో అది ఆన్ చేస్తే డిటెక్షన్ మూగబోతుంది. కెమెరా ఒక కంపెనీది, ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా) ఇంకో కంపెనీది అయితే బొమ్మ వస్తుంది కానీ ‘ఇది వెహికల్’ అన్న కబురు చాలాసార్లు ఎన్‌వీఆర్‌కి చేరదు. అలాంటప్పుడు ఎన్‌వీఆర్ మెనూలో తడుముకోకుండా నేరుగా కెమెరా ఐపీ అడ్రస్‌లోకి లాగిన్ అయి అక్కడే సెట్ చేయండి.

ఎత్తు మూడు మీటర్లు దాటకూడదు. రెండో అంతస్తు పిట్టగోడకి బిగించి ‘వీధంతా కనబడుతోంది’ అని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. అక్కడి నుంచి కనబడేది బండ్ల పైకప్పులు, వాటిని చూసి ఇది కారు అని తేల్చడం కెమెరాకి కష్టం. లెన్స్ 4 ఎంఎం ఉండాలి. అందరూ 2.8 ఎంఎం పెడతారు, ఎక్కువ వెడల్పు వస్తుందని. లెక్క చూడండి: 2.8 లెన్స్ సుమారు 100 డిగ్రీలు చూస్తుంది, అంటే 15 మీటర్ల దూరంలో ఎంతలేదన్నా 35 మీటర్ల వెడల్పు తెరలో పడుతుంది. 1920 పిక్సెళ్ల బొమ్మలో ఎదురుగా వచ్చే కారుకి దక్కేది 90 పిక్సెళ్లు. అదే డిటెక్షన్ 640 పిక్సెళ్ల వెడల్పు సబ్‌స్ట్రీమ్ (అదే వీడియోకి చిన్న కాపీ) మీద నడుస్తుంటే 30. ముప్పై పిక్సెళ్ల మచ్చని కారు అనుకోలేదని కెమెరాని తిట్టి లాభం లేదు.

ఇక అసలు పని, గీత గీయడం. అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి ఈ భాగం మాత్రం తొందరపడకుండా చదవండి.

మోషన్ డిటెక్షన్ ఆపేసి లైన్ క్రాసింగ్ (తెర మీద మీరు గీసిన గీతని బండి దాటితే మోగేది) ఆన్ చేయండి. ఇందులో కెమెరా ముందు బండిని గుర్తుపట్టాలి, కొన్ని ఫ్రేముల పాటు వెంబడించాలి, ఆ తర్వాతే గీత దాటిందని చెబుతుంది. అంటే గీతకి ఇటూ అటూ బండి నిండుగా కనిపించే జాగా ఉండాలి. జనం ఏం చేస్తారంటే గీతని సరిగ్గా గేటు మీద గీస్తారు. రేకు గేటు అయితే బయట ఆగిన కారు సగం కనబడనే కనబడదు, గేటు తీసేటప్పుడు గేటే కదులుతుంది, లోపలికొచ్చేసరికి కారు తెర అంచుకి చేరిపోతుంది. ఇంకేం పడుతుంది? కెమెరాకి గేటు బయట ర్యాంప్ కనిపిస్తుంటే ర్యాంప్ మీద గీయండి. కనిపించకపోతే గేటు నుంచి కనీసం ఒక కారు పొడవు లోపలికి జరిపి గీయండి. తెర అంచుల దగ్గర మాత్రం ఎప్పుడూ వద్దు.

గీత నేల మీద ఉండాలి. టైర్లు తొక్కే చోట. గోడ మీదుగా, గాలిలో గీసిన గీతలు చాలా చూశాను. తెర మీది బొమ్మకి లోతు ఉండదు. దగ్గరగా వెళ్లే లారీ పైభాగం బొమ్మలో ఎక్కడో దూరంగా ఉన్న చోటుకి తగులుతుంది, మీరు ఎదురింటి వైపు గీసిన గీతని అది దాటినట్టు లెక్కవుతుంది. సొంత సర్వర్ మీద ఫ్రిగేట్ (కెమెరా బొమ్మలో బండ్లని, మనుషుల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది, అది బండి చుట్టూ గీసిన పెట్టె కింది అంచు మధ్య బిందువు ఎక్కడుందో చూసే బండి ఏ జోన్‌లో ఉందో తేలుస్తుంది. మీ కెమెరా లోపల ఏం లెక్క వేసినా సరే, గీతని నేలకి దించితే సగం దొంగ అలారాలు పోతాయి.

దిశ కూడా చూసుకోండి. ‘ఏ నుంచి బీ’, ‘బీ నుంచి ఏ’, ‘రెండూ’ అని మూడు ఉంటాయి. బయటికి వెళ్లేటప్పుడు మోగి లోపలికి వచ్చేటప్పుడు మోగకపోతే కెమెరా మీద అనుమానం పడక్కర్లేదు, బాణం తిప్పితే సరిపోతుంది.

టార్గెట్ సైజ్ అని ఇంకో చోటు ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు, లేదా ముట్టుకుని చెడగొడతారు. గరిష్ఠ సైజు చిన్నగా పెట్టి ఉంటే, దగ్గరికి వచ్చి తెర సగం నిండిన కారుని ‘ఇది మరీ పెద్దది’ అని కెమెరా వదిలేస్తుంది. దూరంలో పట్టి, తీరా గుమ్మం దాకా వచ్చాక పట్టకపోవడానికి కారణం తరచూ ఇదే. గరిష్ఠాన్ని పూర్తి తెరకి లాగేయండి. కనిష్ఠాన్ని మాత్రం గీత దగ్గర నిలబెట్టిన స్కూటీ సైజులో సగానికి పెట్టండి. సెన్సిటివిటీ 100లో 60. తొంభై పెట్టమనేవాళ్ల మాట వినకండి.

ఇక మన వీధుల సంగతి. బైక్ మీద మనిషి వస్తే చాలా కెమెరాలు బండిని వదిలేసి మనిషినే చూస్తాయి, కాబట్టి టూవీలర్లు కావాలంటే హ్యూమన్ కూడా టిక్ పెట్టక తప్పదు. ఆటో అయితే మరీ అన్యాయం. ఇలాంటి ఏఐకి శిక్షణ ఇవ్వడానికి బాగా వాడే కోకో డేటాసెట్‌లో 80 రకాల వస్తువులున్నాయి, కారు, బస్సు, లారీ, రైలు, విమానం, పడవ అన్నీ ఉన్నాయి కానీ ఆటో లేదు! అందుకే దాన్ని నేర్చుకున్న ఏఐ ఆటోని ఒకసారి కారు అంటుంది, ఒకసారి లారీ అంటుంది, ఒకసారి ఏమీ అనదు. ఇందులో మీ సెట్టింగుల తప్పేమీ లేదు.

మీ గేటుకి అడ్డంగా బండి ఆపేవాళ్ల కోసమైతే గీత చాలదు. ర్యాంప్ వరకే ఇంట్రూజన్ ఏరియా (లోపలికి బండి వస్తే మోగే చోటు) గీసి, కొన్ని సెకన్లు నిలిస్తేనే మోగేలా పెట్టండి. రోజూ పార్క్ చేసే మీ సొంత కారు ఆ ఏరియాలోకి రానివ్వకండి, దాని మీద వేరే బండి హెడ్‌లైట్ పడినప్పుడల్లా కెమెరా ఉలిక్కిపడుతుంది.

గీత అయ్యాక పరీక్ష. గీత మీద అటూ ఇటూ నడిచి ‘ఓకే’ అనుకోవద్దు, కెమెరా చూడాల్సింది బండిని. కారు బయటికి తీసి మామూలు స్పీడులో లోపలికి రండి, పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. పట్టకపోతే ఒక్క సెట్టింగే మార్చి మళ్లీ చూడండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పగలు పట్టి రాత్రి పట్టకపోతే షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడనిచ్చే సమయం) చూడండి. 1/25 సెకను ఉంటే గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆ ఒక్క ఫ్రేములోనే 33 సెంటీమీటర్లు జరుగుతుంది, అంతా అలికేసినట్టు వస్తుంది. 1/100 చేయండి. బొమ్మ చీకటిగా అయితే గేటు దగ్గర 9 వాట్ల ఎల్ఈడీ బల్బు వేయండి, కెమెరాలో ఉండే ఐఆర్ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు) కంటే అదే మేలు. సన్‌షేడ్ కిందే కెమెరా ఉంటే ఐఆర్ వెలుగు దానికి కొట్టి తిరిగొచ్చి తెరంతా తెల్లబడుతుంది, కెమెరాని కాస్త ముందుకి జరపండి.

ఇన్ని చేసినా తెల్లవారుజామున మాత్రం అలర్ట్ రాదు అంటే టైమ్‌జోన్ చూడండి. కొన్ని కెమెరాలు చైనా టైముతోనే వస్తాయి, అది మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అని మీరు పెట్టిన షెడ్యూల్ మన టైములో సాయంత్రం 7:30కి మొదలై తెల్లవారుజామున 3:30కే అయిపోతుంది. జీఎంటీ ప్లస్ 5:30 పెట్టి, ఫోన్‌లో కెమెరా ఆప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ (బ్యాటరీ ఆదా కోసం ఆప్‌ని నిద్రపుచ్చేది) తీసేయండి.