వానలు పట్టుకునేలోపే ఉన్ని గుడ్డలకి రంగు వేసేసుకోండి, కానీ ఈ జాగ్రత్తలతో

దసరా దాటిందంటే మన తిరుపతిలో వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం, 2021 నవంబర్లో చూశాం కదా ఊరంతా నీళ్ళే. అందుకే అప్లిక్ పనికి (గుడ్డ ముక్కలు కత్తిరించి ఇంకో గుడ్డ మీద కుట్టే పని) ఉన్ని గుడ్డలకి రంగు వేయాలనుకునేవాళ్ళు ఎండలున్న ఈ రోజుల్లోనే వేసేసుకోండి. వాన జల్లు కొడుతోందని కిటికీలు మూసుకుని వంటింట్లో రంగు కాచడం మాత్రం వద్దే వద్దు.

పోయినేడు నేను చేసిన తప్పు చెప్తా. ఫ్యాన్ తిరుగుతా ఉండగానే ఎర్ర రంగు పొడి డబ్బా మూత తీశా. కంటికేమీ కనపళ్ళేదు. సాయంత్రం తడిగుడ్డతో నేల తుడుస్తుంటే గుడ్డ పోయిన చోటల్లా ఎర్రటి చారలు, ఆఖరికి తాగేనీళ్ళ బిందె మూత మీద కూడా! పక్కనే పాప ఆడుకుంటా ఉండింది, తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడ. ముందు ఫ్యాన్ ఆపండి, ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకోండి, తడిపిన పేపర్ పరిచి దాని మీదే పొడి తీసి వెంటనే కాసిన్ని నీళ్ళతో ముద్ద చేసేయండి, తడిసిన పొడి ఎగరదు. గిన్నె, గరిటె, స్పూను అన్నీ రంగుకే వేరుగా పెట్టుకోవాల, ఎంత తోమినా మళ్ళీ వంటకి వాడొద్దు. స్టీలు గిన్నె మంచిది, పులుపు వేస్తాం కాబట్టి అల్యూమినియం పనికిరాదు.

అది నిజం ఉన్నేనా అని ముందు చూసుకోండి. ఒక పోగు పట్టకారుతో పట్టుకుని స్టీలు ప్లేటు మీద కాల్చితే వెంట్రుకలు కాలిన వాసన రావాల, కరిగి గట్టి ఉండ కట్టిందంటే అక్రిలిక్, దానికి ఉన్నికి వేసే రంగు పట్టదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు పట్టించేది నూలు గుడ్డకి, అదే పద్ధతి ఉన్నికి సరిపోదు. ఉన్నికి ఆసిడ్ రంగు (పులుపు నీళ్ళలో పట్టే రంగు), పులుపు కావాల, 100 గ్రాముల గుడ్డకి ఒక టీస్పూన్ నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) చాలు. నూలు రంగులకి వేసే వాషింగ్ సోడా వేస్తే ఉన్ని పాడవుతుంది, బ్లీచింగ్ అయితే ఏకంగా కరిగించేస్తుంది. సహజ రంగులు వాడేవాళ్ళు రంగు పట్టడానికి పటికతో సరిపెట్టుకోండి, మైలుతుత్తం విషం, పిల్లలున్న ఇంట్లోకి తేవద్దు.

గుడ్డ వేసిన రంగు నీళ్ళని తెర్లనీయకండి, 85-90 డిగ్రీల దగ్గర అరగంట సన్నమంట చాలు, అదేపనిగా కలిపితే గుడ్డ ముడుచుకుని దళసరి అయిపోతుంది. నీళ్ళలో రంగు తేరిపోయాక మంట ఆపేసి గిన్నెలోనే చల్లారనిచ్చి అప్పుడు తీయండి, వేడి గుడ్డని చన్నీళ్ళ కింద పెడితే గ్యారంటీగా ముడుచుకుంటుంది.

కత్తిరించే ముందు తడిపిన తెల్ల నూలు గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే మళ్ళీ కడగాల, లేకపోతే ఎర్ర మందారం కుట్టాక కింద తెల్ల గుడ్డంతా గులాబీ అయిపోతుంది. ఆరబెట్టేది నీడలోనే, మడత లోపల కూడా తడి లేదని చేత్తో పట్టి చూసుకున్నాకే బీరువాలో పెట్టండి.