డైనో ఎక్కించే ముందు బండిని ఇక్కడే పట్టి చూడండి: తిరుపతి, చిత్తూరు వాళ్లకు జాగ్రత్తలు

డైనో అంటే బండి చక్రాలను రోలర్ల మీద తిప్పి ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం, ట్యూనింగ్ చేసేది దాని మీదే. డైనో మీద ఒక్క పుల్ అంటే, సాధారణంగా నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 2,000 ఆర్‌పీఎం దగ్గర్నుంచి రెడ్‌లైన్ దాకా లాగడం. పది పదిహేను సెకన్లు ఇంజిన్ నిండు లోడు మీద ఉంటుంది. అలాంటి పుల్స్ ఒక పూటలో పది, పదిహేను పడతాయి. పూతలపట్టు-నాయుడుపేట హైవేలో బండి ఎంత గట్టిగా తోలినా అంత లోడు అంతసేపు పడదు. పైగా ముందర పెట్టే ఫ్యాన్ ఎంత పెద్దదైనా, రోడ్డు మీద 120 వేగంలో రేడియేటర్‌కు తగిలే గాలికి సాటి రాదు. అందుకే నెలల తరబడి కనబడకుండా దాగిన లోపం అక్కడ మూడో పుల్‌లోనే బయటపడుతుంది.

డైనో ఏ లోపాన్నీ బాగుచేయదు. ఆ రోజు బండి ఎలా ఉందో దాన్ని బట్టే ట్యూనర్ ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, లెక్కలు రాస్తాడు. లీకవుతున్న హోస్ పైపుతో పోతే ఆ లీకుకు సరిపోయే ట్యూన్ వస్తుంది. తర్వాత పైపు మార్చిన రోజు లెక్కంతా తప్పుతుంది. మనకు డైనో అంటే ఎక్కువగా తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్ల చెన్నై, లేదా 250 కిలోమీటర్ల బెంగళూరు. అంత దూరం పోయి కాయిల్ పోయిందని తిరిగి రావడం కంటే, పది రోజుల ముందే ఇక్కడ పరీక్ష పెట్టుకోవడం నయం. లోపం దొరికితే సామాను తెప్పించుకోవడానికి ఆ పది రోజులూ కావాలి.

ముందు స్కానర్, తర్వాతే స్పానర్

ఈసీయూలో నమోదైన లోపాలను చదివే ఓబీడీ స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్‌లు రాసుకోండి, రాసుకోకుండా చెరిపేయకండి. చెరిపితే ఈసీయూ అప్పటిదాకా నేర్చుకున్న సర్దుబాట్లు కూడా చాలా బండ్లలో పోతాయి. బయల్దేరే రోజు పొద్దున కోడ్‌లు చెరిపి తీసుకెళ్తే ట్యూనర్‌కు చూడ్డానికి ఏమీ మిగలదు. కోడ్ చెరిపాక కనీసం నూరు కిలోమీటర్లయినా మామూలుగా తోలాలి.

అసలు చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె. లాంగ్ టర్మ్, షార్ట్ టర్మ్ రెండూ కలిపి 5 శాతం అటూ ఇటూ ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. 10 దాటితే కారణం దొరికేదాకా డైనో బుక్ చేయకండి. ఐడిల్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే తగ్గిపోతుంటే మానిఫోల్డ్ వైపు గాలి లీకు. లోడు పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ చాలడం లేదు, లేదా ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికిపట్టి గాలిని తక్కువగా చూపిస్తోంది. నూనె పూసే కాటన్ ఫిల్టర్ వాడేవాళ్లు ఈ సెన్సర్‌ను తప్పక చూసుకోవాలి. ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే అది నేరుగా పోయి సెన్సర్ తీగకు అంటుకుంటుంది. మైనస్ ఎక్కువైతే ఇంజెక్టర్ కారడమో, ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోల్ కలవడమో అయి ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే రెండోది తెలిసిపోతుంది.

ఎగ్జాస్ట్ లీకును చాలామంది శబ్దం సమస్యగానే చూస్తారు. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందర లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని, సెన్సర్ లీన్ (పెట్రోల్ తక్కువ) అని అబద్ధం చెబుతుంది. ఈసీయూ ఆ మాట నమ్మి పెట్రోల్ పెంచుతుంది. గాస్కెట్ దగ్గర నల్లటి మసి చారలు కనబడితే ముందు అది మార్చండి.

కంప్రెషన్, ప్లగ్గులు

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, ఇంజెక్టర్లు, కాయిల్స్ కనెక్షన్ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రతి సిలిండర్‌నూ ఐదారు సార్లు క్రాంక్ చేసి కంప్రెషన్ గేజ్ రీడింగ్ రాసుకోండి. అంకె ఎంత వచ్చిందన్న దానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ 10 శాతం మించి తేడా ఉండకూడదు. ఒకటి తక్కువ వస్తే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి నింపి ఎంత, ఎక్కడ కారుతోందో చూడటం) చేయించండి. గాలి ఆయిల్ మూతలోంచి వస్తే రింగులు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కూలెంట్ ట్యాంకులో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. లీకు 20 శాతం దాటిన ఇంజిన్‌ను ట్యూనింగ్‌కు పంపకండి, ముందు మరమ్మతు చేయించండి.

టర్బో బండికి బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచబోతున్నారంటే కొత్త ప్లగ్గులు వేసుకుని పోండి. చాలావరకు కంపెనీ ప్లగ్గు కంటే ఒక మెట్టు చల్లటిది (వేడిని త్వరగా వదిలేది), గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. అంతకంటే ఎక్కువైతే అధిక బూస్ట్‌లో నిప్పురవ్వ ఆరిపోయి, గ్రాఫ్ పైభాగం రంపపు పళ్లలా వస్తుంది. ఇరిడియం ప్లగ్గు గ్యాప్ సరిచేసేటప్పుడు మధ్య ఎలక్ట్రోడ్ మీద ఒత్తిడి పెట్టకూడదు, పక్కదాన్నే వంచాలి. పాత ప్లగ్గులు పారేయకండి, వరుసలో పెట్టి ట్యూనర్‌కు చూపించండి. వాటి రంగు చూసి ఆయన చాలా చెప్పగలడు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ 70, 80 వేల కిలోమీటర్లు దాటి ఉంటే ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుని ఉంటుంది. పెట్రోల్ ఆ వాల్వుల మీద పడదు కాబట్టి దానంతట అది కడగబడదు. ముందే శుభ్రం చేయించండి.

గాలి లీకు

ఒక పూటంతా కేటాయించాల్సింది దీనికే. ఎయిర్ ఫిల్టర్ పైపు తీసి టర్బో నోటికి మూత బిగించి, కంప్రెసర్‌తో 15 పీఎస్ఐ దాకా గాలి నింపి, ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్లు కొట్టండి. 20 దాటించకండి, పీసీవీ (క్రాంక్‌కేసు గాలిని వదిలే వాల్వు) పొర, క్రాంక్ సీళ్లు దెబ్బతింటాయి. నురగ ఎక్కువగా వచ్చే చోట్లు ఇవే: ఇంటర్‌కూలర్ చివరి ప్లాస్టిక్ ట్యాంకుల అంచు, థ్రాటిల్ బాడీ దగ్గరి క్లిప్పు, బ్లోఆఫ్ వాల్వు కింద గాస్కెట్, బూస్ట్ సెన్సర్ ఓ-రింగ్. మన ఎండకు రబ్బరు హోస్‌లు నాలుగైదేళ్లలో లోపలి నుంచి పగుళ్లిస్తాయి. పైనుంచి చూస్తే బాగానే ఉంటాయి, చేత్తో వంచితే పగులు నోరు తెరుస్తుంది. స్క్రూ క్లిప్పులను అతిగా బిగించడం కూడా తప్పే, అది హోస్‌ను కోస్తుంది.

పైపు తీసినప్పుడే టర్బో చక్రాన్ని వేలితో పట్టి కదిపి చూడండి. పక్కలకు కొంచెం కదలిక సహజం. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్కలు గోడకు తగిలిన గీతలున్నా ఆ టర్బోతో డైనోకు పోవద్దు.

వేడి, నీళ్లు, ఆయిల్

మన దగ్గర కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోసే అలవాటు ఇంకా పోలేదు. ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ సందుల్లో, థర్మోస్టాట్ మీద పొరగా కడుతుంది. మామూలు తోలకంలో తేడా తెలియదు, డైనో మీద నాలుగో పుల్‌కు ఉష్ణోగ్రత దిగిరావడం మానేస్తుంది. పాత నీళ్లన్నీ దించి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కంపెనీ చెప్పిన రకం కూలెంట్‌ను సగానికి సగం కలిపి పోయండి. ఎయిర్ లాక్ లేకుండా బ్లీడ్ చేయడం మరవొద్దు. రేడియేటర్, ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య చేరే ఎర్రమట్టి, పురుగులను లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ప్రెషర్ గన్ పెడితే రెక్కలు పడుకుంటాయి.

ఆయిల్ కొత్తది ఉండాలి, కానీ పోసి రెండు మూడు వందల కిలోమీటర్లు తోలి ఉండాలి. ఫిల్టర్ కారుతుంటే అప్పటికి తెలుస్తుంది. మట్టం పై గీతకు కాస్త కిందే ఉంచండి. పై గీత దాటితే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ప్రెషర్ పడిపోతుంది.

పెట్రోల్

2025 నుంచి మన బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే ఈ20యే, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ కలవని పెట్రోల్‌కు గాలి-ఇంధన నిష్పత్తి 14.7 అయితే, ఈ20కి దాదాపు 13.5. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పాత బండ్లలో బలహీనపడిన పంపు, మూసుకుపోయిన ఫిల్టర్ ఇక్కడే చేతులెత్తేస్తాయి. నిండు లోడులో పెట్రోల్ ప్రెషర్ కిందికి జారుతోందేమో ముందే లాగ్ తీసి (స్కానర్‌తో అంకెలు రికార్డు చేసి) చూడండి. ట్యూనర్‌తో మాట్లాడేటప్పుడు నిష్పత్తి అంకె కాకుండా ల్యాంబ్డా అంకె (ఆ పెట్రోల్‌కు సరైన నిష్పత్తిని 1గా పెట్టుకుని కొలిచేది) అడగండి, పెట్రోల్ మారినా దాని అర్థం మారదు.

రోజూ ఏ పెట్రోల్ పోయిస్తారో దానితోనే ట్యూన్ చేయించండి. నగరంలో 100 ఆక్టేన్ దొరికిందని అది పోయించి ట్యూన్ రాయించుకుని, పీలేరులోనో పుత్తూరులోనో మామూలు పెట్రోల్ మీద తోలితే నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) తప్పదు, పిస్టన్లు పోయేది అలాగే. ఇక్కడ మీ బంకులోనే ట్యాంకు నింపుకుని బయల్దేరండి. డైనో ఎక్కేటప్పటికి కనీసం సగం ఉండాలి. నెలల తరబడి నిలిపిన బండి అయితే పాత పెట్రోల్ తీసేయండి, ఇథనాల్ తేమను పీల్చుకుని ఉంటుంది.

క్లచ్, బ్యాటరీ, టైర్లు

మాన్యువల్ బండికి నాలుగో గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కితే వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఎగిరితే క్లచ్ జారుతోంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల ఏడు గేర్ల పొడి క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీ డీక్యూ200 ఉన్నవాళ్లు ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి: దాని టార్క్ పరిమితి 250 న్యూటన్ మీటర్లు. వర్టుస్, స్లావియాల్లోని 1.5 టీఎస్ఐ, ఆక్టేవియా 1.8 టీఎస్ఐ ఫ్యాక్టరీ నుంచే ఆ 250 ఇస్తాయి. అక్కడ పెద్ద టార్క్ అంకె అడగడం గేర్‌బాక్స్‌ను పణంగా పెట్టడమే. పై ఆర్‌పీఎంలో పవర్ పెంచి, కింద టార్క్‌ను అదుపులో ఉంచే ట్యూన్ అడగండి.

బ్యాటరీ ఇంజిన్ ఆపి రాత్రంతా ఉంచాక 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ ఆన్‌లో 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఈసీయూకు ఫైలు ఎక్కించేటప్పుడు వోల్టేజ్ పడిపోతే ఈసీయూ పూర్తిగా పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ సమయంలో స్థిరమైన చార్జర్ పెడతారా అని ముందే అడగండి.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. ఐదేళ్లు దాటినవీ, పక్కగోడ ఉబ్బినవీ, పంక్చర్‌కు ప్లగ్ వేసినవీ డైనోకు పనికిరావు. రోలర్ మీద టైరు ఆనే చోటు చిన్నది, వేడి చాలా ఎక్కువ. వేగం అక్షరం కూడా చూడండి: టి అయితే 190, హెచ్ 210, వి 240 కిలోమీటర్లు. గాలి డోర్ స్టిక్కర్ కంటే 3, 4 పీఎస్ఐ ఎక్కువ పట్టించండి. గాడుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లు ఏరేయండి, అవి బుల్లెట్లలా ఎగురుతాయి. వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించండి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు 120 న్యూటన్ మీటర్లు. పట్టీలు కట్టే టోయింగ్ హుక్ బండిలో ఉందో లేదో, దాని మరలు తుప్పు లేకుండా ఎక్కుతున్నాయో చూసుకోండి. ఇంజిన్ మౌంట్లు, డ్రైవ్‌షాఫ్ట్ బూట్లు, వీల్ బేరింగ్ శబ్దం కూడా అప్పుడే చూసేయండి.

బెంగళూరు గాలి, తిరుపతి ఎండ

దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, మనకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తు, తిరుపతి 160 దగ్గర. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరకంటే దాదాపు 9 శాతం తక్కువ. టర్బో లేని బండిని అక్కడ ట్యూన్ చేస్తే ఇంజిన్ అందుకునే గరిష్ఠ లోడు తక్కువ. మొగిలి ఘాట్ దిగి ఇంటికొచ్చాక అదే ఇంజిన్ మ్యాప్‌లో (ఈసీయూలోని లెక్కల పట్టికలో) అక్కడ ఎవరూ తాకని గడుల్లోకి పోతుంది. టర్బో బండిలో అక్కడి పలుచటి గాలికి రాసిన వేస్ట్‌గేట్ (బూస్ట్‌ను అదుపు చేసే వాల్వు) అంకెలు ఇక్కడ బూస్ట్‌ను గీత దాటిస్తాయి. పైగా అక్కడ పొద్దున 25 డిగ్రీలు, ఇక్కడ కత్తిరి ఎండల్లో 42. ఆ వేడిలో ట్రాఫిక్‌లో నిలబడితే ఇన్‌టేక్ గాలి 60 దాటుతుంది, నాక్ మొదలయ్యేది అప్పుడే.

అందువల్ల వీలైతే చెన్నైనే ఎంచుకోండి, అక్కడి ఒత్తిడి, వేడి మనకు దగ్గర. బెంగళూరే పోతే ట్యూనర్‌కు ఈ రెండు తేడాలూ ముందే చెప్పి, పై లోడు గడుల్లో ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) వెనక్కి ఉంచమనండి, ఇన్‌టేక్ వేడి పెరిగితే టైమింగ్ తగ్గించే పట్టికను తీసేయొద్దనండి. గ్రాఫ్ ఏ కరెక్షన్‌తో (వాతావరణాన్ని బట్టి అంకెను సవరించే లెక్కతో) వేశారో కూడా అడగండి. ఎత్తుకు వేసే కరెక్షన్ టర్బో బండికి లేని హార్స్‌పవర్‌ను చూపించగలదు.

ఆ రోజు

ముందురోజే చేరుకుని రాత్రి అక్కడే పడుకోండి. నాలుగైదు గంటలు ఎండలో తోలి నేరుగా రోలర్ ఎక్కిస్తే ఇంటర్‌కూలర్ అప్పటికే కాలిపోతూ ఉంటుంది. ముందు స్టాక్ (కంపెనీ ఇచ్చిన) మ్యాప్‌తో రెండు మూడు పుల్స్ చేయించి లాగ్ తీసుకోండి, తర్వాత వచ్చే ప్రతి అంకెనూ దానితోనే పోల్చాలి. స్టాక్ ఫైలు కాపీ మీ దగ్గర పెట్టుకోండి. డైనో గదిలో మంటలార్పే సిలిండర్ ఉందో చూడండి, పుల్ జరుగుతుండగా బండి ముందరా వెనకా ఎవరూ నిలబడకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల గురించి ఏం చెబుతుందో, మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఏం తెలపాలో పోకముందే తేల్చుకోండి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమని ఎవరు చెప్పినా వినకండి.

తిరిగొచ్చాక తిరుమల ఘాట్‌రోడ్డులో పవర్ పరీక్షించే పని పెట్టుకోకండి, అది భక్తులు, బస్సులు తిరిగే దారి. మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం, ఖాళీగా ఉన్న హైవేలో, మూడో గేర్‌లో 2,000 నుంచి 4,000 దాకా, వేగ పరిమితి దాటకుండా పక్కన ఒకరు ల్యాప్‌టాప్ చూస్తుండగా మూడు లాగ్‌లు తీయండి. ఏ సిలిండర్‌లోనైనా నాక్ రిటార్డ్ (నాక్ వల్ల ఈసీయూ వెనక్కి జరిపిన టైమింగ్) 3 డిగ్రీలు దాటి మూడు లాగ్‌లలోనూ కనబడితే ఆ ఫైళ్లు ట్యూనర్‌కు పంపి, సరిచేసిన మ్యాప్ వచ్చేదాకా స్టాక్ ఫైలు మీదే తోలండి.