రాస్ప్‌బెర్రీ పైకి అల్ట్రాసోనిక్ సెన్సర్ కలపడం ఎలా?

దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలపడం తేలికే. అయినా ఒకే ఒక్క వైరు దగ్గర తొందరపడి బోర్డు పాడుచేసుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

సెన్సర్, బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చి కలిపే రంధ్రాల పలక), జంపర్ వైర్లు, 1 కిలోఓమ్ రెసిస్టర్లు మూడు, మల్టీమీటర్ తెచ్చుకోండి. మల్టీమీటర్ లేకుండా మొదలుపెట్టొద్దు.

బోర్డుకు పవర్ తీసేసి సెన్సర్ మీది వీసీసీని (పవర్ తీసుకునే కాలు) బోర్డు 2వ పిన్‌కి, గ్రౌండ్‌ను 6కి, ట్రిగ్‌ను (కొలత మొదలుపెట్టమని చెప్పే కాలు) 16కి కలపండి. ఇవి బోర్డు మీద పిన్నుల వరస నంబర్లు. 5 వోల్టులకు ఎర్ర వైరు, గ్రౌండ్‌కు నల్ల వైరు తప్ప వేరే రంగు వాడకూడదు.

ఇక ఎకో, అంటే కొలత సిగ్నల్‌ను బోర్డుకు పంపే కాలు. ఈ సెన్సర్ 5 వోల్టులతో నడుస్తుంది, ఎకో నుంచి వచ్చే సిగ్నల్ కూడా 5 వోల్టులే. బోర్డు జీపీఐఓ పిన్నులు (సిగ్నల్ పంపే, అందుకునే పిన్నులు) 3.3 వోల్టులవి. ఆర్డుయినో ఊనో అనే మరో బోర్డుకి గీసిన బొమ్మ చూసి కొందరు ఎకోను నేరుగా గుచ్చేస్తారు. ఊనో 5 వోల్టుల బోర్డు కాబట్టి దానికి చెల్లుతుంది, దీనికి చెల్లదు. "నాకు నేరుగా కలిపినా పనిచేస్తోంది" అనేవాళ్ల మాట నమ్మొద్దు. పిన్ వెంటనే పోనంత మాత్రాన దెబ్బ తగలట్లేదని కాదు.

అందుకే రెసిస్టర్లతో ఆ 5 వోల్టులను 3.3కి తగ్గించాలి. ఎకో నుంచి ఒక రెసిస్టర్‌ను బ్రెడ్‌బోర్డ్‌లో ఖాళీ వరసలోకి దించండి. ఆ వరస నుంచి మిగతా రెండింటినీ ఒకదాని వెనక ఒకటిగా గ్రౌండ్‌కి కలపండి. ఒక రెసిస్టర్ రెండు కాళ్లూ ఒకే వరసలో పడితే అది ఉన్నా లేనట్టే. జీపీఐఓ వైరు ఇప్పుడే పెట్టొద్దు.

ముందు పరీక్షించాలి. మొదటి రెసిస్టర్‌ను ఎకో నుంచి తీసి 5 వోల్టులకు తగిలించి, పవర్ ఇచ్చి, రెసిస్టర్లు కలిసే ఆ మధ్య వరసకూ గ్రౌండ్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. 3.3 దగ్గర ఉంటే సరే. 1.7 వస్తే రెసిస్టర్లు తారుమారయ్యాయి. 5 వస్తే గ్రౌండ్ అందట్లేదు. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో అంచు పట్టీలు మధ్యలో తెగి ఉంటాయి, అక్కడ చూడండి. సరిగ్గా వచ్చాక పవర్ తీసి, రెసిస్టర్‌ను మళ్లీ ఎకోకి మార్చి, మధ్య వరస నుంచి 18వ పిన్‌కి వైరు వేయండి.

లెవెల్ షిఫ్టర్ (వోల్టేజీ మార్చే చిన్న బోర్డు) కొనమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. సిగ్నల్ ఒకవైపే వెళ్లే చోట దాని అవసరం లేదు, రెసిస్టర్లు చాలు.

కోడ్‌కి పైథాన్‌లో జీపీఐఓ జీరో లైబ్రరీలోని డిస్టెన్స్ సెన్సర్ క్లాస్ వాడండి. ఎకో 24, ట్రిగర్ 23 అని ఇవ్వాలి, ఇవి 18, 16 పిన్నుల జీపీఐఓ నంబర్లు, వరస నంబర్లు కావు. దూరం మీటర్లలో వస్తుంది. ఎంత దూరం జరిగినా 1 దగ్గరే ఆగిపోతే సెన్సర్ మార్చకండి. ఆ లైబ్రరీ గరిష్ఠ దూరం మామూలుగా 1 మీటరే, దాన్ని 4కి పెంచండి.