మీరు తెరిచిన వెబ్‌సైట్ ఎవరెవరితో మాట్లాడాలో మీరే తేల్చడం ఎలా?

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా బావగారు పొద్దున్నే ధరల పేజీ ఒకటి తెరుస్తారు. ఆయనకు కావలసింది ఒక్క పట్టిక. అదేమో ఎంతకీ వచ్చేది కాదు. ఓ రోజు ఆయన ల్యాప్‌టాప్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే, ప్రకటనలను ఆపే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసి చూపిస్తే, ఆ ఒక్క పేజీ వెనక పాతిక దాకా బయటి సర్వర్లు కనబడ్డాయి. ప్రకటనలవి కొన్ని, మనం ఎక్కడ తిరిగామో రాసుకునేవి కొన్ని. "ఇంతమందిని నేనెప్పుడు పిలిచానండీ బాబూ!" అన్నారు. పిలిచింది ఆయన కాదు, ఆ పేజీ. ఆ పిలుపులను మనం ఆపొచ్చు.

ఈ పని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో చేయండి. రేమండ్ హిల్ 2014లో తెచ్చిన ఈ ఎక్స్‌టెన్షన్ పూర్తిగా ఉచితం. క్రోమ్‌కి ఇప్పుడు దీని లైట్ రూపమే ఉంది, కింద చెప్పే పని దాంతో కుదరదు. వేసుకునే ముందు పేరులో 'ఆరిజిన్' ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

తర్వాత దాని సెట్టింగ్స్‌లో 'ఐ యామ్ యాన్ అడ్వాన్స్‌డ్ యూజర్' అన్నచోట టిక్కు పెట్టండి. ఇప్పుడు ఏదైనా సైట్ తెరిచి, పైనున్న డాలు గుర్తు నొక్కితే ఒక పట్టీ వస్తుంది. గడులు కనబడకపోతే 'మోర్' నొక్కండి. పేర్ల పక్కన రెండు నిలువు వరసలుంటాయి: మొదటిది అన్ని సైట్లకీ, రెండోది మీరు చూస్తున్న సైట్‌కి మాత్రమే. మొదటి వరసలో 'థర్డ్ పార్టీ స్క్రిప్ట్స్' (బయటి సర్వర్ల నుంచి వచ్చే ప్రోగ్రాములు), 'థర్డ్ పార్టీ ఫ్రేమ్స్' (పేజీలో ఇమిడి వచ్చే బయటి పేజీలు) గడులను ఎర్రగా మార్చి, తాళం గుర్తు నొక్కండి. తాళం వేయకపోతే బ్రౌజర్ మూసి తెరిచేసరికి అంతా పోతుంది.

ఇక్కణ్ణుంచే అసలు పని. కొన్ని సైట్లు సగమే వస్తాయి, టెన్షన్ పడకండి. విసుగొచ్చి ఎక్స్‌టెన్షన్ మొత్తం ఆపేయొద్దు. చేలోకి నీళ్లు కావాలంటే బోదె తూము ఎత్తుతాం గానీ కాలువ గట్టు తెగ్గొట్టం కదా! కింద సర్వర్ల పేర్లుంటాయి. వాటి పక్కన మైనస్ గుర్తుంటే ఆగినవి, ప్లస్ ఉంటే వెళ్లినవి. గుర్తు ఒక్కటుంటే పిలుపులు పదిలోపు, రెండుంటే వందలోపు. అవసరమనిపించిన పేరుకు రెండో వరసలో బూడిద రంగు పెట్టి, పేజీ మళ్లీ లోడ్ చేయండి. బావగారి పేజీలో పేరులో 'సీడీఎన్' (పేజీకి కావలసిన ఫైళ్లు అందించే సర్వర్ల వ్యవస్థ) ఉన్న ఒక్క సర్వర్‌ని వదిలితే చాలు, పట్టిక వచ్చేసింది. మిగతావన్నీ ఎర్రగానే ఉన్నాయి. బూడిద రంగు పెట్టినా ప్రకటనలను ఆపే మామూలు జాబితాలు పనిచేస్తూనే ఉంటాయి.

కరెంటు బిల్లో రైలు టికెట్టో కట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. బ్యాంకు ఓటీపీ పేజీ చాలాసార్లు వేరే సర్వర్ నుంచి వస్తుంది. అది మధ్యలో ఆగితే డబ్బు ఎటు పోయిందో తెలీక అవస్థ పడాలి. అందుకే కట్టడం మొదలుపెట్టకముందే మొదటి వరసలోని ఆ రెండు ఎర్ర గడులనూ బూడిద చేసి, పేజీ మళ్లీ లోడ్ చేయండి. తాళం నొక్కొద్దు. రసీదు వచ్చాక రబ్బరు గుర్తు నొక్కితే గడులు మళ్లీ ఎర్రబడతాయి.