కాకర గింజలు మొలవట్లేదా? నాకు పనిచేసింది ఇదీ

సంక్రాంతి వెళ్లగానే ఎండాకాలం పాదులకని మా కావలి మేడ మీద కాకర గింజలు పెడతాను, రెండేళ్లుగా ఒక్కటీ పైకి రాలేదు, తవ్వి చూస్తే లోపల కుళ్లిపోయి చేతికి జారేవి. మట్టి మార్చా, ప్యాకెట్ మార్చా, రెండుపూటలా నీళ్లు పోశా, ఏదీ కుదర్లేదు.

ఈసారి నెయిల్ కట్టర్ తీసుకుని గింజ సన్నటి కొన దగ్గర పెంకు మాత్రం కొద్దిగా చిట్లేలా నొక్కాను. లోపలి పప్పుకు తగలకూడదు, మొదటి రెండూ అలాగే పాడుచేశా. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత పంచె ముక్కను తడిపి గట్టిగా పిండి, అందులో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టి డబ్బాను ఫ్రిజ్ మీద వెనకవైపు ఉంచాను. అక్కడ ఎప్పుడూ కాస్త వెచ్చగా ఉంటుంది, ఆ నెలలో మా మేడ మీద రాత్రి చలికి ఆ వెచ్చదనమే లేదు. రోజూ ఒకసారి తెరిచి గాలి తగలనిచ్చా. ఐదో రోజు పెంకు విచ్చుకుని బియ్యపు గింజంత తెల్లటి వేరు! దాన్ని కిందికి ఉంచి, అడుగున చిల్లులు పెట్టిన పేపర్ కప్పుల్లో అరంగుళం లోతున పెట్టాను.

పదింటికి ఏడు మొలిచాయి. పెంకు చిట్లించడం వల్లో, వెచ్చదనం వల్లో విడివిడిగా చూడలేదు. పొట్ల గింజలకూ పనిచేయొచ్చు, నేనింకా పెట్టలేదు. వంగ, టమాటాలకు మాత్రం ఈ కట్టర్ పని వద్దు, అవి మామూలుగానే మొలుస్తాయి.