ఇంటి బీమా క్లెయిమ్: వరద తర్వాత నా అనుభవం

2021 నవంబర్ వానలకు తిరుపతిలో మా ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, బీరువా, పరుపులు అన్నీ మునిగాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదలైన భారత్ గృహ రక్ష పాలసీ మాకుంది, అందులో వరద నష్టానికి కవర్ ఉంది.

నీళ్లు తగ్గగానే మా ఆవిడ బురద కడగబోతుంటే "ఆగు, ముందు ఫోటోలు తీద్దాం" అన్నాను. మమ్మల్ని కాపాడింది ఇదే. గోడ మీద నీటి మరక, తడిసిన ప్రతి వస్తువు, ఫ్రిజ్ వెనక సీరియల్ నంబరు, అన్నీ తీశాం. అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు రాసుకున్నాను. వాసన భరించలేకపోయినా, నష్టాన్ని లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చేదాకా పాడైన సామాను పారేయలేదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. బిల్లులు లేవని కంపెనీవాళ్లు సామాను క్లెయిమ్ మొత్తం తిరస్కరించారు. చాలా టెన్షన్ పడ్డాను. పాలసీ పత్రం కూర్చుని చదివితే, ఇంటి కట్టడానికి బీమా ఉంటే ఆ బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, విడిగా జాబితా ఇవ్వకపోయినా సామానుకు వర్తిస్తుందని ఉంది. ఆ పేరా, ఫోటోలు, కొన్నప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టాను. నెలలోగా జవాబు రాకుంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని కూడా రాశాను. అక్కడ ఫీజు ఉండదు. మూడో వారంలో సామాను డబ్బు ఖాతాలో పడింది.