ఫ్లాటు కొనే ముందు వీధి చప్పుడు వినండి

ఆదివారం పదకొండు గంటలకు చూస్తే విశాఖలో చాలా వీధులు ప్రశాంతంగానే కనిపిస్తాయి. బ్రోకర్లు మనల్ని తీసుకువెళ్లేదీ ఆ వేళకే. సీతమ్మధారలో మాకు నచ్చిన ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వకముందు ఒక పని చేశాను.

బ్రోకరు లేకుండా మూడుసార్లు వెళ్లి, ఒక్కోసారి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. పనిరోజు ఉదయం ఎనిమిదికి, స్కూలు బస్సుల హారన్లు వినడానికి. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు. మూడోసారి కరెంటు కోత వేళ. పక్క అపార్ట్‌మెంటు జనరేటరు మన పడకగది కిటికీ కిందే ఉందేమో అప్పుడే తెలుస్తుంది. కోత ఎప్పుడుంటుందో వాచ్‌మన్‌ను అడిగితే చెబుతాడు.

ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకున్నాను. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. ఫోను చూపేది ఉజ్జాయింపే, అయినా తేడా తెలుస్తుంది.

మూడుసార్లూ అంతా నిశ్శబ్దమే. తిరిగి వస్తూ వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆయనను అడిగాను, “ఇక్కడ రాత్రిళ్లు నిద్ర పడుతుందా అన్నా?” అని. ఆయన నవ్వి, వెనక వీధిలో కల్యాణ మండపం ఉందన్నాడు. ఆ ఫ్లాటు వదిలేశాం.

నా పొరపాటు ఒకటే: వెళ్లింది ఆషాఢంలో. ఆషాఢంలో, మూఢంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు కనుక శనివారం పరీక్ష పనిచేయదు. శ్రావణం వచ్చాక వెళ్లండి, లేదా ముందే ఇస్త్రీ బండి దగ్గర ఆగండి.